ఊరి పేరు కోసం చెరిపిన కొండ

“ఏవండీ, ఇక్కణ్ణుంచి దూకాలా?” అంది భార్య, చెప్పులు చేత్తో పట్టుకుని.

మ్యాపులాయన అంచుదాకా వెళ్లి కిందికి తొంగిచూశాడు. కాళ్ల ముందు నేల అమాంతం తెగిపోయింది. బాగా దిగువన సముద్రం, ఒడ్డున ఎర్ర పెంకుల ఊరు, ఊరి మధ్యలో టౌన్‌హాలు. ఇంకాసేపట్లో ఆ హాల్లో ఆయనకి సన్మానం. మూడు వైపులా సముద్రమున్న ఈ నేలకీ, దాని తీరపట్నాలకీ ఎత్తుపల్లాలతో సహా మ్యాపు గీసిన ఘనుడని. ఈ రోజు కోసమే ఆయన కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

“బస్సులో వెళ్దామని పొద్దున్నే మొత్తుకున్నాను. విన్నారా?”

“నేను గీసిన నేల మీద నేను బస్సెక్కడమేమిటే!”

అంటూనే మ్యాపు విప్పాడు. మ్యాపులో ఇక్కడున్నది చిన్న వాలు, పిల్లలు ఆడుకుంటూ దిగొచ్చు. అప్పుడు గుర్తొచ్చింది. ఎత్తు చూపించే గీతలు ఇక్కడ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, ఊరి పేరు అందంగా కనబడాలని సగం గీతలు తనే చెరిపేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. భార్యకి చెప్పక తప్పలేదు.

“అంటే కొండని మీరే మింగేశారన్నమాట,” అంది ఆవిడ.

ఇంతలో పొదల్లోంచి ముగ్గురు ఊడిపడ్డారు. ఒళ్లంతా ముళ్ల గీతలు, చేతిలో అదే మ్యాపు.

“దీన్ని గీసినవాడు దొరికితే నాలుగు తగిలిస్తాను!” అన్నాడు వాళ్లలో బట్టతలాయన.

“నాలుగేం సరిపోతాయండీ! కుర్చీ దిగకుండా కొండలు గీసుంటాడు, దద్దమ్మ! వాడికి కళ్లు నెత్తికెక్కి ఉంటాయి,” అన్నాడు మ్యాపులాయన. తిట్టుకునేకొద్దీ మనసు తేలికపడింది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“బాగా చెప్పారు. తమరేం చేస్తుంటారు?”

ఆయన తన చేతిలోని మ్యాపు గబగబా మడిచి జేబులో దోపుకున్నాడు. భార్యే అందుకుంది. “పాత సామాన్ల వ్యాపారమండీ.”

“సమయానికి కనబడ్డారు!” బట్టతలాయన సంచిలోంచి బరువైన ఇత్తడి షీల్డు తీశాడు. “మేం సన్మాన సంఘం వాళ్లం. ముక్కూ మొహం తెలియని ఆ మహానుభావుడి మీద గౌరవంతో, ఆయన మ్యాపు చూసుకుంటూనే బయల్దేరాం. ఇంక సన్మానం లేదు, గిన్మానం లేదు. దీని మీద చెక్కించిన ఆయన పేరు మీరే అరగదీసుకోండి గానీ, కిలో ఎంతకి తీసుకుంటారు?”