ఏడో దయ్యం

“పుస్తకం ఏదిరా లోరెంజూ?”

వంతెన దగ్గర కిలియన్ గద్దించాడు.

డిసెంబరు ఐదు, దీపాలు పెట్టే వేళ. కిలియన్ జట్టంతా మేకతోళ్ళు కప్పుకుని, నడుముకి గంటలు కట్టుకుని, కొమ్ములున్న కొయ్య ముఖాలు తగిలించుకుంది. అందరూ పెంకి పిల్లల్ని భయపెట్టే క్రాంపస్ దయ్యాలే. పొడుగు టోపీ, తెల్ల గడ్డం మాత్రం ముందు నడుస్తూ పిల్లలకి పళ్ళు పంచే పునీత నికోలస్‌వి. ఏటా ఆ వేషం పోస్టాఫీసు లోరెంజ్‌దే.

పిల్లల తప్పులు పెద్దవాళ్ళు చీటీల మీద రాసిస్తారు. నికోలస్ వాటిని తన పుస్తకంలో పెట్టుకుని ఇంటింటా చదవాలి.

“పుస్తకం లేదు,” అన్నాడు నికోలస్ నెమ్మదిగా.

“టోపీ కింద తలుందా, గుమ్మడికాయుందా? ఇదిగో, ఈ ఆపిల్ మూట కూడా నువ్వే మొయ్యి. బుద్ధొస్తుంది.”

నికోలస్ నవ్వి, మూట భుజానికెత్తుకున్నాడు.

మొదటి ఇల్లు కిలియన్‌దే. గంటల మోతకి ఆరేళ్ళ కూతురు రేజి నాయనమ్మ వెనక నక్కింది.

తాత పొగాకు పైపు విరిచిందని దాని మీద నేరం. వారం నుంచీ “నేను కాదు” అనే ఏడుస్తోంది. ఒప్పుకునేదాకా వీపు మీది బుట్టలో వేసి వంతెన దాకా మోసుకెళ్ళాలని కిలియన్ పథకం. బుట్ట చూడగానే పాపం పిల్ల గొల్లుమంది.

“పైపు సంగతి అడగరా!” కిలియన్ కొయ్య ముఖం లోంచి గుసగుసలాడాడు.

నికోలస్ రేజి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“నువ్వు విరవలేదమ్మా. మీ నాన్న తాగొచ్చి దానిమీద కూర్చున్నాడు. ముక్కలు నీ బొమ్మల పెట్టెలో దాచాడు.”

రేజి ఏడుపు ఆగిపోయింది. నికోలస్ ఇచ్చిన ఆపిల్ అందుకుని కిలకిలా నవ్వింది.

నాయనమ్మ గరిటె తీసుకుంది.

“వీళ్ళలో నా కొడుకెవడు? ఏ కొమ్ముల వెధవ?”

దయ్యాలన్నీ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నాయి. ఒక దయ్యం మాత్రం కిలియన్ వెనక భాగాన గట్టిగా తన్నింది.

“నీకెవడు చెప్పాడురా?” బయట కిలియన్ మండిపడ్డాడు.

నికోలస్ అప్పటికే మూటతో పక్కింటి వైపు నడిచి, సందు మలుపు తిరిగాడు.

అప్పుడు జట్టులోని రూపర్ట్ కిలియన్ మోచెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, లెక్కపెట్టు. ఏడుగురం ఉన్నాం!”

నికోలస్ కాక బయల్దేరింది ఆరుగురే. జట్టులో ఒకటి ఎక్కువైతే అది అసలు దయ్యమే. తాతల నాటి మాట.

మూడుసార్లు లెక్కపెట్టారు. ఏడే.

“ముఖాలు తియ్యండ్రా!” కిలియన్ అరిచాడు.

ఆరు కొయ్య ముఖాలు మంచులో పడ్డాయి. ఏడోది తియ్యలేదు. గంటలు మోగించుకుంటూ మీదమీదకొచ్చింది. రూపర్ట్ ఎటు పోవాలో తెలీక పేడకుప్పలోకి దూకాడు.

ఏడో ముఖమూ ఊడింది. కిలియన్ భార్య బుర్గి!

“దయ్యమైనా నయమే,” అన్నాడు కిలియన్ కూలబడి.

“పిల్లని బుట్టలో వేస్తానంటే ఇంట్లో చేతులు కట్టుక్కూర్చుంటానా? పైపు విరిచింది నువ్వా, దొంగసచ్చినోడా!”

“తప్పయిపోయిందే. రేపు దాని కాళ్ళు పట్టుకుంటా. కానీ ఆ సంగతి నాకు తప్ప పురుగుక్కూడా తెలీదు. లోరెంజ్‌గాడికి ఎలా తెలిసిందో!”

పేడకుప్పలోంచి రూపర్ట్ తొంగిచూశాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అసలు దయ్యం లేదు, అంతే చాలు.

అంతలో వంతెన వైపు నుంచి ఎవరో రొప్పుతూ పరుగెత్తుకొచ్చారు. టోపీ చేతిలో, గడ్డం ఒక చెవికి వేలాడుతూ, చంకలో చీటీలున్న పుస్తకం.

“ఏమనుకోకండ్రా! మంచులో బండి కూరుకుపోయింది,” అన్నాడు లోరెంజ్. “నేను లేకుండా మొదలెట్టలేదు కదా?”

లోపల రేజి ఇంకా నవ్వుతూనే ఉంది.

కిలియన్ సందు మలుపు దాకా పరుగెత్తాడు. పక్కింటి గడప మీద ఆపిల్ మూట ఒక్కటే ఉంది.

“బుర్గీ,” అన్నాడు కిలియన్, మంచులో మోకాళ్ళ మీద కూలబడి, “పునీత నికోలస్ భుజాన మూట పెట్టి, పైగా ఆయన్ని ఒరేయ్ అన్నానే!”