ఉయ్యాల గది

లేబర్ ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగి గొంతు తగ్గించాడు. “బిడ్డ నిద్రపోతోందా?”

“ఇప్పుడే సార్,” అన్నాడు మేనేజరు ఏకాంబరం.

కనకమ్మ సత్రం ఊళ్ళోని ఆ వేరుశనగ మిల్లులో గింజలు ఏరేదంతా ఆడవాళ్ళే. వాళ్ళ పిల్లలకొక గది ఉండాలన్నది చట్టం. నిన్నటిదాకా అది గోనెసంచులు పడేసే కొట్టు. ఉయ్యాల ఏకాంబరం ఇంటిది. ఏడ్చి గోల చేస్తారని ఆ రోజు పిల్లల్నెవరినీ తేవద్దన్నాడు. ఉయ్యాలలో చీర కప్పుకుని పడుకున్నది అతని ఇంటి రుబ్బురోలు గుండ్రాయి.

ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని తిరుత్తణి వైపు జీపెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఉయ్యాలను ఇంటికి తోలించడానికి ఏకాంబరం బండి పిలిపించాడు. గదిలో మునిలక్ష్మి ఉంది. మిల్లులో గింజలు ఏరే మనిషి. తలంటిన బిడ్డను చంకనేసుకుని, గుండ్రాయికి పసుపు పూస్తోంది.

“నిన్న తొంగిచూసినానయ్యా. బిడ్డలకంటే ముందు మీరే రాయిని పండబెట్టినారే!” ఆమె పసుపు చేతిని కొంగుకు తుడుచుకుంది. “బిడ్డ రాయి మాదిర గట్టిగా ఉండాలని, ఉయ్యాల్లో ఏసే రోజు ఇంట్లో పెద్దోళ్ళు చేసే పని గదా. నా బిడ్డకు చేసేదానికి ఎవురూ లేకపోయిరి.”

రాయిని తీసి అతని చేతుల్లో పెట్టింది. బిడ్డను ఉయ్యాలలో వేసింది.

“మీ చేత్తో ఒక్క ఊపు ఊపండయ్యా.”

ఏకాంబరం రాయిని చంకలోకి మార్చుకుని ఊపాడు. కాసేపటికి బిడ్డ కళ్ళు మూసుకుంది.

“ఉయ్యాల యాడుంది సామీ? ఎత్తుకోనా?” బయటినుంచి బండివాడు కేకేశాడు.

“అరవొద్దురా,” అన్నాడు ఏకాంబరం, తల ఎత్తకుండానే. “బిడ్డ నిద్రపోతా ఉంది.”