ఒక్క ముక్కా అర్థం కాలేదు

“ఇలా రాశారేంటండి మేడమ్?” అంటూ కోఆర్డినేటర్ ఉదయ్‌భాస్కర్ మధులత ఫారం పట్టుకొచ్చాడు.

రాజమండ్రిలో యూనివర్సిటీ అధ్యాపకులకు పెట్టిన ఐదురోజుల బోధనా శిక్షణ ముగింపుకొచ్చింది. అభిప్రాయం గడిలో అందరూ ‘అద్భుతం’ అని రాశారు. కొత్తగా చేరిన మధులత మాత్రం ‘ఒక్క ముక్కా అర్థం కాలేదు’ అని రాసింది.

“మార్చేయండి మేడమ్. సర్టిఫికెట్ రాకపోతే మీ ప్రమోషన్ ఆగిపోద్దండి.”

మధులత తల అడ్డంగా ఊపింది. “నిజం రాయమని నా స్టూడెంట్లకి చెప్తానండి. నేనెలా మార్చను?”

శిక్షణ ఇచ్చిన మణిశంకర్ ఆ ఫారం అందుకుని చదివారు. హాల్లో అందరూ ఇటు తిరిగారు.

“ఏ స్లైడు నుంచి అర్థం కాలేదమ్మా?”

“రెండోదాన్నుంచండి.”

“నాకు నాలుగోదాన్నుంచి,” అన్నారాయన నెమ్మదిగా. “ఇవి పైనుంచి పంపించినవి. ఆరేళ్లుగా చదివి వినిపిస్తున్నాను. అర్థం కాలేదన్నది మీరొక్కరే.”

ముందు వరసలోంచి పెద్ద ప్రొఫెసర్ సూర్యప్రకాశం లేచారు. “ఉదయ్, నా ఫారం ఓసారి ఇటివ్వవయ్యా.”

ఆయన వెనకాల ఒక్కో చెయ్యీ లేచింది.

ఉదయ్‌భాస్కర్ నుదురు తుడుచుకున్నాడు. “ఇప్పుడెలాగండీ? అందరికీ బ్రహ్మాండంగా అర్థమైందని పొద్దున్నే రిపోర్టు పంపేశాను!”