చెయ్యి తిరిగిన డాక్టరు

ఆ పళ్ళ డాక్టరు వాలకం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేడు. చెయ్యే చాపలేనివాడు చెయ్యి తిరిగినవాడెలా అవుతాడు?

మా ఆయనకు నెత్తురు ఓ పట్టాన గడ్డకట్టదు. మోకాలి లోపల కారి కారి, ఇప్పుడు కాలు పూర్తిగా చాపలేడు. అందుకే పొద్దున్నే పెద్దాసుపత్రిలో గడ్డకట్టే మందు ఎక్కించుకుని, పుచ్చిన కింది దవడ పన్ను పూడ్పించుకోవడానికి వచ్చాం. ఎక్కించారని నేను చెప్పినా డాక్టరు అక్కడికి ఫోన్ చేసి మరీ ఆరా తీశాడు. నా మాటంటే లెక్క లేదన్నమాట!

తర్వాత పొడుగు సూది పక్కన పెట్టి పొట్టిది తీశాడు.

"అదేంటండీ? మత్తు సూది అందరికీ దవడ వెనకేగా ఇస్తారు?" అన్నాను.

"అక్కడ లోతుగా గుచ్చితే, లోపల నెత్తురు కారి గొంతు దాకా వాచే ప్రమాదముందమ్మా. పన్ను పక్కనే, మెల్లగా ఇస్తాను."

మెల్లగా అంటే మరీ ఇంత మెల్లగానా? కొత్తగా నేర్చుకుంటున్నట్టే ఉంది. సూది బయటికి రాగానే ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఈ జబ్బున్నవాళ్ళకి ఇదివరకెప్పుడైనా చేశారా?"

"లేదమ్మా. ఇదే మొదటిసారి."

"లేవండి, వెళ్ళిపోదాం," అన్నాను మా ఆయనతో.

ఆయన లేవలేదు. వచ్చినప్పటి నుంచీ డాక్టరు మోచెయ్యి వంకే చూస్తున్నాడు.

డాక్టరు ఆ మోచేతిని నిమురుకుంటూ నవ్వాడు.

"చెయ్యడమే మొదటిసారమ్మా. చేయించుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే."