మింగాక మాట్లాడాలి

"నోరు విప్పు!" నర్సు కిటికీ చెక్క మీద దబదబా కొట్టింది.

వెల్డరు పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. మత్తు సూదులు, బిళ్లలు మానేవాళ్లకి రోజూ ఇచ్చే మెథడోన్ సిరప్పు ఇప్పుడే గొంతులో పోసుకున్నాడు. మింగాక మాట్లాడాలి. అదీ అక్కడి షరతు. మాట్లాడనివాడు మందు బుగ్గన దాచినట్టే లెక్క. బయటికెళ్లి సీసాలోకి ఉమ్మి అమ్ముకుంటారు. జ్వరం బిళ్ల మింగినవాణ్ణి ఎవడూ నోరు తెరవమనడు. ఈ రోగులకి మాత్రం రోజూ దొంగ పరీక్షే. తప్పితే రేపట్నించి మందు బంద్. మళ్లీ సూదే గతి.

"ఏంటయ్యా వసపిట్టా! రోజూ నా చెవులు తూట్లు పొడుస్తావుగా. ఇవాళ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"

అతను తల అడ్డంగా ఊపాడు. నుదుటి నిండా చెమట.

పక్క అరలోంచి నవ్వు వినబడింది. అరల మధ్య చెక్క అడ్డం. మొహం కనబడదు, మాట వినబడుతుంది. ఆ అరలో ఉన్నది ఇవాళే కొత్తగా చేరిన మేస్త్రీ. ఇందాకే తన వంతు మింగి, గదంతా మోగేలా అప్పజెప్పాడు: "నడుం నొప్పికి మింగిన మత్తు బిళ్లలు ఇక్కడిదాకా ఈడ్చాయమ్మా! గోడలు కట్టినవాణ్ణి, గోడ చాటున తాగాల్సొచ్చింది!"

ఇప్పుడు మళ్లీ అందుకున్నాడు. "దొరికాడా దొంగవెధవ? గెంటెయ్యండమ్మా! ఇలాంటివాణ్ణి నేనైతే గడప తొక్కనివ్వను."

"మీరూరుకోండి మేస్త్రీగారూ."

నర్సుకి చేతులాడలేదు. కన్నతండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టినా, వానొచ్చినా వరదొచ్చినా, ఈ కిటికీకి రావడం మానని మనిషి. వీణ్ణి తన చేత్తోనే రోడ్డు మీదికి తోయాలా?

"ఆఖరిసారి అడుగుతున్నా. మాట్లాడతావా, లేదా?"

గార్డు వచ్చి భుజం పట్టుకున్నాడు. వెల్డరు కళ్లు మూసుకున్నాడు.

"మింగాను సిస్టర్. ఒట్టు, మింగేశాను."

మాట తేటగా వచ్చింది. నోట్లో చుక్క లేదు. నర్సు ఊపిరి పీల్చుకుంది.

"మరి ఇంతసేపూ ఏం రోగమయ్యా నీకు?"

అతను పక్క అర అడ్డం వైపే చూస్తున్నాడు. అవతల నవ్వు ఆగిపోయింది. తర్వాత మేస్త్రీ గొంతు, ఈసారి గుసగుసగా:

"ఒరే చిన్నోడా... మీ అమ్మకి చెప్పకురా."