ఆట నేర్పింది నేనే

శామీర్‌పేటల కంపెనీ బస్సెక్కంగనే రోజారాణి నా పక్కన కూసుంది. జీడిమెట్లల మందుల ప్యాకింగ్ లైన్‌కు ఆమె ఇన్‌చార్జి, నేను కూలి. ఫోన్‌ల మాటలు కూర్చే ఆట నేర్పినకాడి నుంచి నన్ను అక్కా అంటది. అంతకుముందు ఏయ్ అనేది.

"అక్కా, ఆఖరి మాట తడ్తలేదు" అని ఫోన్ నా ముందల పెట్టింది.

"ముందు చిన్న మాటలు పట్టుండ్రి మేడం. అండ్ల నుంచే పెద్దది బయటపడ్తది. అక్షరాలు అటిటు తిప్పి చూడుండ్రి. అయినా రాకుంటే ఫోన్ పక్కకు పెట్టి జర పనిచేసుకోండ్రి. మళ్ల తీస్తే ఠక్కున కనవడ్తది."

"లైన్ మీద ఫోన్ తీయొద్దు గదా?"

"మిమ్ముల అడిగెటోళ్లెవరు మేడం."

పదకొండింటికి ఆమె అట్టపెట్టెల చాటుకు పోయి ఫోన్ తీసింది. మేనేజర్ వచ్చి వెనక నిలబడ్డడు. నేను చూసి గూడ చెప్పలే.

"దొరికిందక్కా" అని ఆమె సంబురంగ తిరిగేసరికి, ఆయన గుర్తింపు కార్డు ఇయ్యమని చెయ్యి చాపిండు.

"అక్కా, నువ్వన్న సార్‌కు చెప్పు" అని ఏడ్సింది.

"రూల్ రూలే మేడం" అన్న.

పోయినేడు భవాని కాళ్లు మొక్కితే రోజారాణి అన్న మాటే అది. బిడ్డకు ఫిట్స్ వచ్చినయని బడి నుంచి ఫోనొస్తే, లైన్ మీద ఎత్తిందని భవానిని పనిల నుంచి తీసేపిచ్చింది. భవాని నా సొంత చెల్లె. రోజారాణి ఎన్నడు అడగలే, నేను చెప్పలే.

ఉపాయాలైతే ఒక్కటి గూడ తప్పు చెప్పలే.