కింది మంచం

బాలసుబ్బయ్య అరబ్బు దేశంలో పని ఖలాస్ చేసుకుని, ముగించుకుని, ఊరికి వెళ్లిపోయాడు. ఫర్వానియాలోని ఆ గదిలో ఒక కింది మంచం ఖాళీ అయింది.

గదిలో ఉన్నవన్నీ జంట మంచాలు. కింద ఒకరు, పైన ఒకరు. కింద పడుకునేవాడు లేవగానే కాళ్లు నేల మీద పెడతాడు. పైవాడు ఇనుప నిచ్చెన దిగాలి. పొద్దస్తమానం ఒళ్లు విరిగేలా పనిచేసి వచ్చినవాడికి ఆ నిచ్చెనే ఒక కొండ.

ఆ మంచం ఇద్దరికి కావాలి.

మునీంద్ర షర్క్ చేపల మార్కెట్లో ఐసు పెట్టెలు మోస్తాడు. గదికి వచ్చేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. గంగాధర్‌ది దజీజ్‌లో పని. రంజాన్ నెలలో బాత్రూంలో జారిపడ్డానని తల వెనక కుట్లతో వచ్చాడు. అప్పటినుంచి నిచ్చెన ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి. ఒకసారి పడబోతే కింద ఉన్నవాళ్లు పట్టుకున్నారు. పైగా ఖాళీ అయిన మంచం గోడ మూలన ఉంది. గంగాధర్‌కు ఆ మూల అంటే ఇష్టం.

చీటీలు వేద్దామంటే మునీంద్ర ఒప్పుకోలేదు. ఏసీ దగ్గరి జాగా అతనికి చీటీల్లోనే పోయింది.

తగవు తీర్చింది రాయచోటి నౌమాన్. అతను పాత ఎలక్ట్రానిక్స్ అంగడిలో పనిచేస్తాడు. ఎవరో పారేసిన గేమ్ పెట్టెను బాగుచేసి గదిలో టీవీకి తగిలించాడు. ఇద్దరూ గేమ్ ఆడండి, గెలిచినవాడిదే మంచం అన్నాడు. వాదించే ఓపిక ఇద్దరికీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిని టీవీ ముందు కూర్చున్నారు. గంగాధర్ గోడకు జరిగి వీపు ఆనించాడు.

మొదట పెట్టిన గేమ్‌లో అన్నీ నేలమాళిగలు. ఒకదాని వెనక ఒకటి. ఏ మూల చూసినా దయ్యాలు. మునీంద్ర దారి తప్పి, వచ్చిన చోటికే మళ్లీ మళ్లీ వచ్చాడు. గంగాధర్ ఒక తలుపు తీశాడు. వసారా. దాని చివర ఇంకో తలుపు. అది తీస్తే ఇంకో వసారా. రిమోటు కింద పెట్టేశాడు.

"నావల్ల గాదు అబ్బీ. దయ్యాలు నమిలినా ఓర్చుకుంటా. ఈ తలుపులన్నీ సూసుకుంటా తిరిగేది మాత్రం నావల్ల గాదు."

నౌమాన్ నవ్వి డిస్కు మార్చాడు.

"అయితే ఇది నీకు సరిపోతాది మామా. దయ్యాల్లేవు, తిరిగేది లేదు. ఒకటే బిల్డింగు. చీకట్లో నక్కి పోవల్ల. లోపలున్న పెట్టె తీసుకొని బయట పడితే ఖలాస్."

ముందు గంగాధర్ ఆడాడు.

గేటు దగ్గర ఒక కాపలావాడు అటూ ఇటూ నడుస్తున్నాడు. గంగాధర్ తొందరపడలేదు. వాడు లైటు కింద ఆగుతాడు చూడండి అన్నాడు. ఆగాడు. ఇప్పుడు కాలు మార్చుకుంటాడు అన్నాడు. మార్చుకున్నాడు. ఆ సందులో గంగాధర్ గేటు దాటేశాడు. మెట్ల దగ్గరివాడినీ అలాగే దాటాడు. ఎవరి మీదా చెయ్యి వేయలేదు.

"మామకు నేర్పేదేముంది" అన్నాడు నౌమాన్. మునీంద్ర కూడా నవ్వాడు. కానీ అతని చూపు మూలమంచం మీదే ఉంది.

ఇక పెట్టె ఉన్న గది ఒక్కటే మిగిలింది. తాళంచెవులు చివరి కాపలావాడి నడుముకు వేలాడుతున్నాయి. వాడు వసారాకు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం రొమ్ముకు ఆనింది. గుర్రు వినిపిస్తోంది.

గంగాధర్ వాడి వెనకదాకా వెళ్లి ఆగాడు.

"ఎర్ర బటన్ నొక్కు మామా" అన్నాడు నౌమాన్. "తలమీద ఒక్కటిస్తే పడిపోతాడు. మంచం నీదే."

గంగాధర్ బొటనవేలు బటన్ మీదే ఉంది. కదలలేదు.

"నిద్రపోతాండాడు రా."

"నిద్రపోతాంటేనే గదా కొట్టేది."

గంగాధర్ టీవీ వైపే చూస్తూ అడిగాడు.

"లేపేదానికి బటన్ లేదా?"

గదంతా నవ్వింది. లేపితే వాడు నిన్నే పట్టుకుంటాడు అన్నాడు నౌమాన్, కళ్లు తుడుచుకుంటూ. గంగాధర్ బటన్ మీంచి వేలు తీసేశాడు. కాసేపటికి తెర మీది కాపలావాడు ఉలిక్కిపడి లేచాడు. వెనక్కి తిరిగాడు. ఈల మోగింది. తెర ఎర్రబడింది.

రిమోటు మునీంద్ర చేతికి వెళ్లింది. గంగాధర్ చూపించిన దారినే వెళ్లాడు. లైటు కింద ఆగినప్పుడు గేటు, కాలు మార్చుకున్నప్పుడు మెట్లు. కుర్చీ వెనకకు రాగానే ఎర్ర బటన్ నొక్కాడు.

దబ్బుమని చప్పుడైంది. గంగాధర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మునీంద్ర గెలిచాడు. గెలిచినవాడిలా కనిపించలేదు. వాచిన పాదాలు ఒత్తుకుంటూ, గంగాధర్ వైపు చూడకుండా అన్నాడు.

"ఒక్క బటన్ గదా మామా. నొక్కింటే అయిపోయె."

"పరుపు ఎండలో ఎయ్ రా. బాలసుబ్బయ్య నల్లులు ఇడిసిపెట్టి పోయుంటాడు."

డ్యూటీకి వేళయింది. గంగాధర్ నిచ్చెన గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని పైకెక్కి సంచి దించుకున్నాడు.

అందులోంచి వాచ్‌మన్ చొక్కా తీసి తొడుక్కుని, జారిపడితే పడ్డాయని అందరికీ చెప్పిన కుట్ల మీదికి టోపీ లాక్కుని, ఈ రాత్రి కూడా కుర్చీని గోడకు ఆనించే వేసుకోవాలనుకుంటూ దజీజ్ గోదాము కాపలాకు బయల్దేరాడు.